రద్దీ రుసుమా, పాత బండ్ల నిషేధమా, బస్సులా: వాహనాల పొగ తగ్గించడానికి మీ ప్రాంతం ఏది ఎంచుకోవాలి

నగరం నడిబొడ్డుకు వచ్చే ప్రతి కారుకూ రుసుము పెట్టాలా, పాత డీజిల్ బండ్లను లోపలికి రానివ్వకూడదా, సరి-బేసి నంబర్ల పద్ధతి తేవాలా, లేకపోతే ఆ డబ్బూ శ్రమా బస్సుల మీద పెట్టాలా? గాలి పాడైన ప్రతి ప్రాంతంలోనూ ఏదో ఒక రోజు ఈ చర్చ వస్తుంది. వచ్చినప్పుడు ఎక్కువమంది తమకు బాగా వినబడిన పేరు పట్టుకుని అదే కావాలంటారు, లేదా తమ జేబుకు భారం కానిదాన్ని కోరుకుంటారు. ప్రజాభిప్రాయ సేకరణలో మాట్లాడాల్సినవాళ్లకు, కాలనీ సంఘాల్లో పనిచేసేవాళ్లకు, స్థానిక సంస్థల్లో ఓటు వేయాల్సినవాళ్లకు ఉపయోగపడాలని ఈ పోలిక రాస్తున్నాను. అన్నీ మంచివే, అన్నీ కలిపి చేయండి అని చెప్పి తప్పుకోను. డబ్బుకు హద్దుంది, అధికారుల ఓపికకు హద్దుంది, జనం ఓర్పుకు ఇంకా తొందరగా హద్దొస్తుంది, కాబట్టి ఏది ముందో ఏది తర్వాతో తేల్చుకోక తప్పదు.

నేను ప్రతి పథకాన్నీ ఒకే ప్రశ్నతో చూస్తాను. ఈ నియమం నుంచి జనం ఎలా తప్పించుకుంటారు? తప్పించుకోవడం మాత్రం ఖాయం. అందులో తప్పుపట్టడానికేమీ లేదు, ఆఫీసుకో ఆసుపత్రికో వెళ్లాల్సిన మనిషి తనకు తేలికైన దారి వెతుక్కుంటాడు. మంచి పథకంలో ఆ తప్పించుకునే దారే గాలికి మేలు చేస్తుంది, అంటే రుసుము కట్టడం ఇష్టం లేని మనిషి బస్సెక్కితే మనం కోరుకున్నది జరిగినట్టే. చెడ్డ పథకంలో అదే మనిషి ఇంకో పాత కారు కొంటాడు. ఈ తేడా పట్టుకుంటే సగం చర్చ అక్కడే తేలిపోతుంది.

ముందు మీ గాలిలో ఏముందో చూసుకోండి

వాహనాల పొగ లెక్క మూడు అంకెల గుణకారం: ఎన్ని బండ్లు, ఒక్కొక్కటి ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎంత పొగ. రుసుములు, పార్కింగ్ ధరలు, బస్సులు, రైళ్లు, నడక, సైకిళ్లు మొదటి రెండు అంకెలను తగ్గిస్తాయి. శుభ్రమైన ఇంధనం, కొత్త ఇంజిన్ ప్రమాణాలు, పొగ పరీక్షలు, పాత బండ్ల తొలగింపు, ఎలక్ట్రిక్ వాహనాలు మూడో అంకెను తగ్గిస్తాయి. ఇది తెలిస్తే రెండు భ్రమలు పోతాయి. కార్లన్నీ ఎలక్ట్రిక్ అయినా ట్రాఫిక్ జామ్ అలాగే ఉంటుంది. కార్లు సగమైనా, నల్లటి పొగ వదిలే లారీ అలాగే వదులుతుంది.

తర్వాత తెలుసుకోవాల్సింది మీ దగ్గర ఏ కాలుష్యం ఎక్కువో. పీఎం 2.5 అని రోజూ వినే సన్నని కణాలు ఇంజిన్ల నుంచే కాదు, ఇటుక బట్టీలు, బొగ్గు, పంట వ్యర్థాల మంటలు, కట్టెల పొయ్యిలు, రోడ్డు దుమ్ము నుంచి కూడా వస్తాయి. నైట్రోజన్ డయాక్సైడ్ అలా కాదు, నగరాల్లో దాని ప్రధాన మూలం వాహనాలే, వాటిలో డీజిల్ వాటా పెద్దది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఏడాది సగటున ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 అయితే 5 మైక్రోగ్రాములు, నైట్రోజన్ డయాక్సైడ్ అయితే 10 మైక్రోగ్రాములు మించకూడదు. మీ దగ్గరున్న కాలుష్య మీటర్ల గంటవారీ అంకెలు అడిగి తీసుకోండి. పొద్దునా సాయంత్రం నైట్రోజన్ డయాక్సైడ్ పెరుగుతుంటే ఆఫీసు ట్రాఫిక్‌ను అనుమానించాలి. రాత్రిళ్లు పెరుగుతుంటే లారీలను చూడాలి, కానీ చల్లటి రాత్రుల్లో గాలి పైకి లేవక పొగ నేల దగ్గరే నిలిచిపోతుంది కాబట్టి రాత్రి అంకెలను ఒంటరిగా నమ్మొద్దు, ఆ గంటల్లో ఎన్ని లారీలు వెళ్తున్నాయో లెక్క పక్కన పెట్టుకుని చదవాలి. ఈ పని చేయకుండా పథకం ఎంచుకున్న చోట, రాత్రి లారీల వల్ల వచ్చే కాలుష్యానికి పగటి కార్ల మీద ఆంక్ష పెట్టే ప్రమాదం ఉంటుంది.

ఇంకో మాట. ఒక్క మున్సిపాలిటీ హద్దుల్లో చేసే పనికి ఫలితం తక్కువ. ఉద్యోగులు పక్క పట్టణాల నుంచి వస్తారు, లారీలు పక్క రాష్ట్రాల నుంచి వస్తాయి, గాలి ఎక్కడినుంచైనా వస్తుంది. బస్సు రూట్లు, టికెట్లు, పాత బండ్ల నియమాలు మొత్తం ప్రాంతానికి ఒకటిగా ఉండాలి. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్లను, 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లను నడపకూడదన్న ఆదేశాలు వచ్చాక వాటిలో చాలా వేరే రాష్ట్రాలకు అమ్ముడుపోయాయి. బండి ఆగలేదు, వేరేవాళ్ల వీధిలోకి వెళ్లింది.

రద్దీ రుసుమా, లో ఎమిషన్ జోనా

ఈ రెండింటినీ చాలామంది ఒకటే అనుకుంటారు. రద్దీ రుసుములో బండి కొత్తదా పాతదా అన్నది ముఖ్యం కాదు, లోపలికి వస్తే కట్టాలి. లో ఎమిషన్ జోన్‌లో ప్రమాణాలకు సరిపోయే బండి ఉచితంగా వెళ్తుంది, సరిపోనిది కట్టాలి లేదా రాకూడదు. లండన్‌లో రెండూ ఉన్నాయి: 2003 ఫిబ్రవరిలో నగరం మధ్యలో రద్దీ రుసుము పెట్టారు, 2019 ఏప్రిల్‌లో అల్ట్రా లో ఎమిషన్ జోన్ మొదలుపెట్టారు, దాన్ని 2021లో పెంచి 2023 ఆగస్టులో లండన్ బరోలన్నింటికీ, అంటే నగరంలోని స్థానిక పాలనా విభాగాలన్నింటికీ, విస్తరించారు. యూరప్‌లో బండ్ల పొగకు పెట్టిన హద్దులను యూరో ప్రమాణాలంటారు, అంకె పెరిగినకొద్దీ హద్దు కఠినం. పెట్రోల్ కారైతే యూరో 4, డీజిల్ కారైతే యూరో 6 ప్రమాణం ఉండాలి, లేకపోతే రోజుకు 12.50 పౌండ్లు.

రెండింటి తేడా తెలుసుకోవాలంటే నా దృష్టిలో అన్నిటికన్నా మంచి ఉదాహరణ ఇటలీలోని మిలాన్. అక్కడ 2008లో ఎకోపాస్ అని మొదలుపెట్టారు, ఎక్కువ పొగ వదిలే బండ్లే డబ్బు కట్టాలి. జనం తప్పించుకునే దారి వెతికారు, అది శుభ్రమైన బండి కొనడం. అంటే పథకం తన పని తాను చేసింది. కానీ కొన్నేళ్లలో రుసుము కట్టక్కర్లేని బండ్లే ఎక్కువైపోయి, రద్దీ తగ్గించే శక్తి దానికి లేకుండా పోయింది. 2011లో ప్రజాభిప్రాయం తీసుకుంటే పెద్ద మెజారిటీ దీన్ని ఇంకా గట్టి చేయమంది, 2012 జనవరి నుంచి దాదాపు అన్ని కార్లకూ వర్తించే ఏరియా సి వచ్చింది. అదే ఏడాది వేసవిలో కోర్టు ఆదేశంతో కొన్ని వారాలు ఆగిపోతే కార్లు వెంటనే తిరిగొచ్చాయి, మళ్లీ పెట్టగానే మళ్లీ తగ్గాయి. రుసుము పనిచేస్తుందా లేదా అని అనుమానం ఉన్నవాళ్లకు ఇంతకన్నా స్పష్టమైన రుజువు దొరకడం కష్టం.

కాబట్టి ఎంపిక ఇలా చేసుకోండి. మీ బాధ పాత డీజిల్ పొగ అయితే లో ఎమిషన్ జోన్ తొందరగా ఫలితమిస్తుంది, లండన్‌లో చూస్తే కొన్నేళ్లలోనే రోడ్డు మీది కార్లలో 10కి 9కి పైగా ప్రమాణాలకు సరిపోయేవే అయ్యాయి. కానీ ఒక్కసారి అందరూ బండి మార్చాక దాని పని అయిపోతుంది, ఆ తర్వాత ప్రమాణం పెంచుతూ పోవాలి. మీ బాధ మొత్తం బండ్ల సంఖ్యే అయితే రద్దీ రుసుము మేలు, అది ఏళ్ల తరబడి పనిచేస్తూనే ఉంటుంది. సింగపూర్ 1975లోనే నగర కేంద్రంలోకి వచ్చే కార్లకు లైసెన్సు పెట్టి, 1998లో దాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతికి మార్చి ఇప్పటికీ కొనసాగిస్తోంది.

కానీ రుసుముకు ముందు బస్సు రావాలి. ఇది నేను గట్టిగా చెప్పే మాట. స్టాక్‌హోమ్‌లో 2006 జనవరి నుంచి జులై దాకా రద్దీ రుసుమును పరీక్షగా పెట్టారు, దానికి కొన్ని నెలల ముందే, 2005 ఆగస్టులో, కొత్త బస్సులు, కొత్త రూట్లు మొదలుపెట్టారు. నగర కేంద్రం హద్దు దాటే ట్రాఫిక్ దాదాపు 20 శాతం తగ్గింది. మొదలుపెట్టకముందు ఎక్కువమంది వద్దన్నవాళ్లే. పరీక్ష కాలం ముగిశాక సెప్టెంబరులో ఓటు పెడితే నగరవాసుల్లో సగానికి పైగా కావాలన్నారు, 2007లో శాశ్వతం చేశారు. తర్వాత జరిగిన పరిశోధనలో చిన్నపిల్లల్లో ఉబ్బసం వల్ల ఆసుపత్రికి రావాల్సిన పరిస్థితి తగ్గిందని కూడా తేలింది. వాహనాల పొగ గురించి మాట్లాడేటప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించేది ఈ ఫలితమే, మిగతా అంకెలన్నీ దాని కోసమే. జనానికి ముందు కొన్ని నెలలు చూపించి, ఆ తర్వాత అడగడం చాలా మంచి పద్ధతి. చూడకముందు అడిగితే ఎవరైనా వద్దనే అంటారు.

సరి-బేసి: ఎమర్జెన్సీకి తప్ప వద్దు

నంబర్ చివర సరి అంకె ఉన్న కార్లు ఒక రోజు, బేసి అంకె ఉన్నవి మర్నాడు రోడ్డెక్కాలనేదే సరి-బేసి. నంబరునుబట్టి కార్లను ఆపే ఇలాంటి పద్ధతుల మీద నా అభిప్రాయం సూటిగా చెప్తాను. శాశ్వత పథకంగా ఇది పనికిరాదు. మెక్సికో సిటీలో 1989లో ప్రతి కారూ వారంలో ఒక రోజు ఇంట్లోనే ఉండాలని, నంబర్ చివరి అంకెనుబట్టి నియమం పెట్టారు. కొన్నాళ్లకే అని మొదలై శాశ్వతమైంది. తప్పించుకునే దారి తేలిక: ఇంకో నంబరున్న ఇంకో కారు. రోడ్డు మీద మొత్తం కార్లు పెరిగాయి, పెరిగినవాటిలో పాతవీ ఉన్నాయి, గాలి బాగుపడిన ఆధారం దొరకలేదని 2008లో అచ్చయిన పరిశోధన చెప్పింది. పైగా రెండో కారు కొనగలవాడికి ఇబ్బంది లేదు, ఒక్క కారుతో బతుకు ఈడ్చేవాడికే ఇబ్బంది.

ఢిల్లీలో 2016 జనవరిలో 15 రోజులు, ఏప్రిల్‌లో మళ్లీ, 2019 నవంబరులో మళ్లీ సరి-బేసి నడిపారు. టూవీలర్లకు మినహాయింపు ఇచ్చారు, ఆ నగరంలో అవే అన్నిటికన్నా ఎక్కువ. రోడ్లు ఖాళీగా కనిపించాయి, అది నిజమే, బస్సులు వేగంగా వెళ్లాయి. కానీ ఉత్తర భారత చలికాలపు గాలిని ఒక్క కార్ల ఆంక్షతో మార్చలేరు. బీజింగ్ 2008 ఒలింపిక్స్‌కు ఇదే పద్ధతి పెట్టినప్పుడు దాంతోపాటు ఫ్యాక్టరీలను, నిర్మాణ పనులను కూడా ఆపారు, అందుకే ఆకాశం తేటబడింది. గాలి మరీ విషమించిన నాలుగైదు రోజులు, మిగతా మూలాలను కూడా ఆపుతూ వాడుకుంటే సరే, అంతకు మించి దీన్ని సాగదీయొద్దు. జనానికి రెండో బండి కొనేంత సమయం ఇవ్వకూడదు.

పాత బండ్లు, పొగ పరీక్షలు

రోడ్డు మీద పోయే బండ్లలో కొద్ది శాతమే మొత్తం పొగలో పెద్ద వాటాకు కారణమని ఎన్నో దేశాల్లో కొలిచి చూశారు. పాడైన ఇంజిన్, తీసేసిన ఫిల్టర్, కల్తీ ఇంధనం, మోయలేనంత బరువు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. అలాంటి బండ్లను పట్టుకోగలిగితే తక్కువ ఖర్చుతో పెద్ద ఫలితం వస్తుంది. సమస్యల్లా పట్టుకునే పద్ధతిలోనే ఉంది.

భారత్‌లో పొల్యూషన్ సర్టిఫికెట్ కోసం చేసే పరీక్షనే తీసుకోండి. పెట్రోల్ బండిని నిలబెట్టి ఇంజిన్ ఆన్ చేసి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు చూస్తారు, డీజిల్ బండికి పొగ ఎంత చిక్కగా ఉందో చూస్తారు. నైట్రోజన్ ఆక్సైడ్లు కొలవరు, రోడ్డు మీద బరువుతో పోతున్నప్పుడు వచ్చే పొగనూ కొలవరు. తప్పించుకోవడం ఎంత సులువో చెప్పక్కర్లేదు. పెద్ద కంపెనీలు కూడా ఈ తేడాను వాడుకున్నాయి, పరీక్షలో మాత్రమే తక్కువ పొగ చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టిన సంగతి బయటపడి 2015లో ఫోక్స్‌వ్యాగన్ దొరికిపోయింది. అందుకే నేను రోడ్డు పక్కన పెట్టే రిమోట్ సెన్సింగ్ వైపు మొగ్గుతాను. బండి వెళ్తుండగానే కాంతి కిరణంతో పొగను కొలిచి, కెమెరాతో నంబర్ తీసుకుంటారు, మితిమీరితే యజమానికి నోటీసు వెళ్తుంది, బాగుచేయించి సరైన పరీక్షలో నెగ్గాలి. హాంకాంగ్ పెట్రోల్, ఎల్‌పీజీ బండ్ల మీద 2014 నుంచి ఇలా చేస్తోంది. దీన్నుంచి తప్పించుకోవాలంటే బండి బాగుచేయించుకోవడమే మార్గం.

వయసునుబట్టి నిషేధించడం కన్నా ప్రమాణాన్నిబట్టి, నిజంగా వదిలే పొగనుబట్టి ఆపడం న్యాయం. తక్కువ తిరిగే, బాగా చూసుకున్న 12 ఏళ్ల కారును తుక్కు చేయించి, ఎక్కువ తిరిగే 6 ఏళ్ల ఓవర్‌లోడ్ లారీని వదిలేస్తే ఎవరికి లాభం? తుక్కు పథకం పెడితే మాత్రం పరిహారం చాలినంత ఉండాలి, బండిని నిజంగా ముక్కలు చేసినట్టు రుజువు కావాలి, ముందు టాక్సీలకు, ఆటోలకు, చిన్న ట్రాలీలకు ఇవ్వాలి. లండన్ జోన్ విస్తరణతో పాటు తక్కువ ఆదాయమున్నవాళ్లకూ చిన్న వ్యాపారులకూ పాత బండి వదులుకుంటే డబ్బిచ్చే పథకం నడిపింది. అలాంటిది లేకపోతే చిన్న బండి మీద బతికేవాళ్లు వీధిన పడతారు, పథకం కూడా ఎక్కువకాలం నిలవదు.

ఇంధనం గురించి కొంచెమే చెప్తాను, ఎందుకంటే అది సాధారణంగా ప్రాంతం చేతిలో ఉండదు. భారత్ 2020 ఏప్రిల్ 1న తన వాహన కాలుష్య ప్రమాణాల్లో బీఎస్-4 (భారత్ స్టేజ్ 4) నుంచి నేరుగా బీఎస్-6కు దూకినప్పుడు డీజిల్‌లో గంధకం 50 పీపీఎం (పది లక్షల వంతుల్లో 50) నుంచి 10కి తగ్గింది. గంధకం తగ్గితేనే కొత్త డీజిల్ బండ్ల ఫిల్టర్లు, వాటి పొగను శుద్ధి చేసే పరికరాలు సరిగా పనిచేస్తాయి. దీనర్థం, శుభ్రమైన ఇంధనం లేని చోట కొత్త ఇంజిన్లు తెచ్చినా పూర్తి ఫలితం రాదు.

బస్సా, మెట్రోనా, ఉచిత టికెట్టా

మెట్రో అంటే అందరికీ ఇష్టం. ప్రారంభోత్సవం ఘనంగా ఉంటుంది, ఫొటోలు బాగుంటాయి, ప్రయాణమూ నిజంగా బాగుంటుంది. కానీ గాలి కోసమే అయితే, లక్షలాది మంది ఒకే దారిలో వెళ్లే పెద్ద నగరాల్లోనే అది ఖర్చుకు తగిన ఫలితం ఇస్తుంది, అదీ చాలా ఏళ్లకు. స్టేషన్ నుంచి ఇంటికి చేరే ఏర్పాటు లేకపోతే జనం బైక్ మీదే వెళ్లిపోతారు.

చాలా ప్రాంతాలకు బస్సే సరైన జవాబు. కొలంబియా రాజధాని బొగొటాలో 2000 డిసెంబరులో మొదలైన ట్రాన్స్‌మిలెనియోలో బస్సులకు రోడ్డు మధ్యలో విడి దారులు, స్టేషన్లు, ఎక్కకముందే టికెట్ ఉంటాయి, రద్దీ గంటల్లో ఒక దిశలో గంటకు 40,000 మందికి పైగా మోసింది. బ్రెజిల్‌లోని కురిటిబా 1974లోనే ఈ దారి పట్టింది. కానీ ఢిల్లీలో 2008లో కట్టిన బస్ కారిడార్‌ను 2016లో తీసేశారు. అది 6 కిలోమీటర్లు కూడా లేని ముక్క. దాంట్లో అన్ని రూట్ల బస్సులూ తిరిగేవి, కూడళ్ల దగ్గర సిగ్నళ్లు చాలాసేపు పడేవి, కార్లవాళ్ల వ్యతిరేకతను తట్టుకునే మద్దతు లేకపోయింది. విడి దారి వేస్తే పొడవుగా, కాపలాతో, సిగ్నల్‌లో ప్రాధాన్యంతో వేయాలి. సగం సగం వేస్తే ఆ పేరే చెడిపోయి మరో పదేళ్లు ఎవరూ ముట్టుకోరు.

విడి దారి కుదరకపోతే కనీసం బస్సుల సంఖ్య పెంచండి, టైముకు వచ్చేలా చూడండి. పది నిమిషాలకో బస్సు వస్తుందని నమ్మకం ఉంటే మనిషి టైమ్‌టేబుల్ చూడకుండానే స్టాపుకు వస్తాడు, గంటకో బస్సు అయితే వాయిదాల మీదైనా బండి కొంటాడు.

ఉచిత ప్రయాణం గురించి చాలామంది అడుగుతారు. ఎస్తోనియా రాజధాని టాలిన్ 2013లో నగరవాసులకు బస్సులు, ట్రామ్‌లు ఉచితం చేసింది, లక్సెంబర్గ్ 2020లో దేశమంతా ఉచితం చేసింది. టాలిన్ అనుభవంలో కొత్తగా బస్సెక్కినవాళ్లలో చాలామంది అంతకుముందు నడిచేవాళ్లు, కార్లు ఆశించినంతగా తగ్గలేదు. పేదలకు, చదువుకునేవాళ్లకు, పనికెళ్లే ఆడవాళ్లకు ఉచితం గొప్ప మేలు, ఆ కారణంతో చేస్తే నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ కారు వదిలించడానికి మాత్రం టికెట్ ధర కన్నా బస్సు వేగం, తరచుదనం ఎక్కువ పనిచేస్తాయి. ఉచితం చేసి బస్సులు పెంచకపోతే నిలబడే చోటు కూడా లేక, అప్పటిదాకా ఎక్కుతున్నవాళ్లే బైక్ కొనుక్కుంటారు.

ఎలక్ట్రిక్ అయితే ఏ బండ్లకు ముందు

సొంత కారు రోజులో ఎక్కువసేపు ఆగే ఉంటుంది. బస్సు, ఆటో, టాక్సీ, డెలివరీ బైక్, చెత్త బండి రోజంతా తిరుగుతాయి, అదీ జనం మధ్యలో, ఆగుతూ కదులుతూ. ప్రభుత్వ డబ్బు ఒక రూపాయి ఉంటే అది ముందు వీటికే వెళ్లాలి. చైనాలోని షెన్‌జెన్ 2017 చివరికి తన 16,000కు పైగా బస్సులను ఎలక్ట్రిక్‌కు మార్చేసింది. నార్వే సొంత కార్ల దారి పట్టింది, 2024లో అక్కడ అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 10కి 9 పూర్తి ఎలక్ట్రిక్, కానీ అందుకు ప్రభుత్వం ఎన్నో ఏళ్లు రాయితీలిస్తూ భారీగా పన్ను ఆదాయం వదులుకోవాల్సి వచ్చింది. అంత ఖజానా ఎన్ని ప్రాంతాలకుంది?

ఎలక్ట్రిక్ బండికి పొగ గొట్టం లేదు కానీ టైర్లున్నాయి, బ్రేకులున్నాయి, రోడ్డు దుమ్ము లేస్తుంది. మోటారుతోనే వేగం తగ్గించే వీలుంది కాబట్టి బ్రేకుల అరుగుదల తక్కువే, బరువు ఎక్కువ కాబట్టి టైర్ల అరుగుదల మాత్రం ఎక్కువ కావచ్చు. కరెంటు బొగ్గు నుంచి వస్తుంటే పొగలో కొంత మీ వీధి నుంచి విద్యుత్ కేంద్రం దగ్గరున్న ఊళ్లకు మారుతుంది, ప్రాంతమంతా ఒకటిగా ఆలోచించాలంటున్నప్పుడు ఆ ఊళ్లను మర్చిపోకూడదు.

ఢిల్లీ సీఎన్‌జీ (ఒత్తిడితో నింపిన సహజ వాయువు) అనుభవం ఇక్కడ పనికొస్తుంది. సుప్రీంకోర్టు 1998లో ఆదేశిస్తే, 2002 చివరికి నగర బస్సులన్నీ సీఎన్‌జీకి మారాయి. కళ్లకు కనిపించే నల్లపొగ తగ్గింది, అది నిజమైన విజయం. తర్వాతి ఏళ్లలో వాహనాల సంఖ్య, ముఖ్యంగా డీజిల్ కార్లు, పెరిగిపోయి ఆ లాభాన్ని తినేశాయి. మొదట్లో చెప్పిన గుణకారంలో మూడో అంకెను, అంటే కిలోమీటరుకు వచ్చే పొగను, తగ్గించి, బండ్ల సంఖ్యనూ తిరిగే దూరాన్నీ వదిలేస్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

లారీల సంగతి

కార్ల గురించి అయ్యే చర్చలో పదో వంతు కూడా లారీల గురించి కాదు. ఊరితో పనిలేకుండా ఊరి మధ్యలోంచి పోయే లారీలు ఉంటే రింగ్ రోడ్డు, దాంతోపాటు లోపలికి రాకుండా నియమం, రెండూ కావాలి. రోడ్డు ఒక్కటే వేస్తే టోల్ తప్పించుకోవడానికి మళ్లీ ఊళ్లోంచే పోతాయి. ఢిల్లీ చుట్టూ 2018లో ప్రారంభమైన ఈస్టర్న్ పెరిఫెరల్ ఎక్స్‌ప్రెస్‌వే ఉద్దేశాల్లో ఇదొకటి, నగరంలోకి వచ్చే సరుకు లారీల మీద 2015 నుంచే పర్యావరణ పరిహార రుసుము కూడా ఉంది.

పోర్టు, గోడౌన్లు, గనులు ఉన్న ప్రాంతాలకు అమెరికాలోని లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టులు మంచి పాఠం. 2008 అక్టోబరు 1 నుంచి 1989కి ముందు తయారైన లారీలను గేటు దగ్గరే ఆపేశారు, అంచెలంచెలుగా బిగిస్తూ 2012కల్లా 2007 ప్రమాణాలకు సరిపోయేవాటినే రానిచ్చారు. లారీల నుంచి వచ్చే కాలుష్యం 80 శాతానికి పైగా తగ్గిందని పోర్టులు ప్రకటించాయి. గేటు ఒకటే కాబట్టి తప్పించుకునే దారి లేదు. మీ ప్రాంతంలో లారీలన్నీ పోయే అలాంటి గేటు ఏదైనా ఉందేమో చూడండి, ఉంటే మిగతావాటికన్నా ముందు అక్కడ మొదలుపెట్టడమే తెలివైన పని.

మిగిలినవి క్లుప్తంగా

పార్కింగ్ ధర పెంచడం రద్దీ రుసుముకు చవకైన తమ్ముడు, కెమెరాలు అక్కర్లేదు, కానీ అక్రమ పార్కింగ్ మీద కేసులు రాయకపోతే వృథా. కారులో ముగ్గురుంటేనే రానిచ్చే పద్ధతిని జకార్తా ఏళ్ల తరబడి నడిపింది. డబ్బు తీసుకుని కారెక్కి లెక్క నింపేవాళ్లు రోడ్డు పక్కన నిలబడేవారు, అందుకని 2016లో ఎత్తేశారు. ఎత్తేశాక సాయంత్రం వేళల్లో ఆలస్యం దాదాపు రెట్టింపైంది, అంటే లోపాలున్నా అది పనిచేస్తూనే ఉందన్నమాట. ఫ్లైఓవర్లు, రోడ్ల వెడల్పు మాత్రం కాలుష్య పథకాల జాబితాలో ఉండకూడదు. అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే హైవేను 2008 నాటికి ఎంతో వెడల్పు చేస్తే కొన్నేళ్లలోనే ప్రయాణ సమయం మళ్లీ పెరిగింది.

నడక, సైకిల్ విషయంలో ఒక సాంకేతిక సంగతి గుర్తుంచుకోండి. పెట్రోల్ బండిలో పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్ దాదాపు 300 డిగ్రీలకు వేడెక్కాకే సరిగా పనిచేస్తుంది, కాబట్టి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల చిన్న ప్రయాణాలకు కిలోమీటరుకు పొగ ఎక్కువ. ఫుట్‌పాత్ ఖాళీ చేయించి నడవనిస్తే తగ్గేది సరిగ్గా ఆ ప్రయాణాలే.

ఇంతకీ మీ ప్రాంతానికి ఏది

లారీలు ఎక్కువగా పోయే పట్టణం అయితే గేటు నియమం, రింగ్ రోడ్డు, రోడ్డు పక్క పొగ కొలత ముందు. కార్ల ఆంక్షల జోలికి పోవద్దు.

మధ్యస్థంగా ఉండి, బస్సులు అరకొరగా తిరుగుతూ టూవీలర్లు వేగంగా పెరుగుతున్న ప్రాంతం అయితే మొదటి మూడేళ్లూ బస్సుల మీదే పెట్టండి, వీలైతే ఎలక్ట్రిక్ బస్సులు, పక్కనే పార్కింగ్ ధర. రద్దీ రుసుము ఇప్పుడే తెస్తే జనానికి వెళ్లే దారి లేదు, కోపమే మిగులుతుంది.

బస్సులు, రైళ్లు ఇప్పటికే బాగున్న పెద్ద నగరం అయితే రద్దీ రుసుము ఇంకా వాయిదా వేయడానికి నాకు ఏ కారణమూ కనిపించదు. పాత డీజిల్ ఎక్కువుంటే దానికి తోడు లో ఎమిషన్ జోన్ కూడా, రెండేళ్ల ముందు తేదీ ప్రకటించి, తుక్కు పరిహారంతో సహా.

చలికాలంలో గాలి అకస్మాత్తుగా విషమించే ప్రాంతాలకు పైవాటితో పాటు ఎమర్జెన్సీ ప్రణాళిక రాసిపెట్టుకోవాలి, ఏ అంకె దాటితే ఏది ఆపాలో ముందే ఉండాలి, సరి-బేసికి చోటు అక్కడే.

ఏది ఎంచుకున్నా సభలో మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. వసూలైన డబ్బు ఎక్కడికి వెళ్తుంది? లండన్‌లో రద్దీ రుసుము మిగులును రవాణాకే ఖర్చుపెట్టాలని చట్టంలోనే రాశారు, మీ దగ్గరా అలా ఉండాలి. ఎవరెవరికి మినహాయింపు? అంబులెన్సులకు, వికలాంగులకు ఇవ్వండి, వీఐపీలకు ఇవ్వొద్దు, మినహాయింపుల జాబితా పెరిగినకొద్దీ పథకం బలహీనమవుతుంది. మొదలుపెట్టకముందు కనీసం ఏడాది గాలి కొలతలు ఉన్నాయా, జోన్ లోపలా బయటా రెండు చోట్లా? వాతావరణం ఏడాదికోలా ఉంటుంది, ఒక వానాకాలం బాగా కురిస్తే గాలి తనంతట తానే బాగుపడుతుంది, ముందు కొలతలు లేకపోతే మెరుగైనా పాడైనా ఎందుకో ఎవరూ చెప్పలేరు. ఆ కొలతలు ఇంకా లేకపోతే పథకం తేదీ కోసం ఎదురుచూడకుండా మీటర్లు పెట్టే పని ఈ నెలలోనే మొదలుపెట్టమని అడగండి, స్కూళ్ల దగ్గర, ఆసుపత్రుల దగ్గర, ప్రధాన కూడళ్ల దగ్గర.